పురుగు చేనంతా సమంగా పడదు. ధర మాత్రం ఊరంతటికీ ఒకటేనా?

(మా వాణిజ్య విలేఖరి)

సిద్దిపేట: సరుకు యార్డుకు రాకముందే దానిని గురించిన మాట వస్తుంది. వానకాలం పంటలు చేతికందే రోజులలో మన గంజిలో తరచు వినిపించే మాట ఒకటున్నది: ‘‘ఫలానా పక్క పురుగు పడ్డదట.’’ ఎవరు చూశారు, ఏ చేనులో చూశారు, ఎన్ని చెట్లు లెక్కబెట్టారు అని అడిగేవారు అరుదు. మాట మాత్రం టీ కొట్టు నుంచి అడ్తి దుకాణానికి, అక్కడి నుంచి ఫోనులో మిల్లుకు చేరుతుంది. సాయంత్రానికి ఒకరు సరుకు బిగబడతారు, మరొకరు బేరం వాయిదా వేస్తారు. మరునాడు ఆ పక్క ఊరి సరుకు యార్డులోకి రాగానే, కుప్ప పోసి చూడకముందే ధర ఒక మెట్టు దిగుతుంది.

ఈ అలవాటు వల్ల రైతు నష్టపోతున్నాడని అందరికీ తెలిసినదే. వర్తకుడు కూడా నష్టపోతున్నాడని అంతగా గ్రహించినట్లు కానరాదు. కారణం ఒక్కటే. పురుగు చేనంతా సమంగా పడదు. ఊరంతా సమంగా అసలే పడదు. అది కొన్నిచోట్ల గుంపుగా ఉంటుంది, కొన్నిచోట్ల చెదరుమదురుగా ఉంటుంది, మరికొన్నిచోట్ల బొత్తిగా ఉండదు. ఈ సంగతి మరచి ఊరి పేరు మీద ధర కట్టేవారు మంచి సరుకును వదులుకుంటున్నారు, లేదా చెడ్డ సరుకుకు మంచి ధర పెడుతున్నారు.

ఒక్క బస్తా చూసి లారీ కొంటామా?

లారీ సరుకు వస్తే పై వరుసలోని ఒక్క బస్తా చూసి ధర కట్టే ఖరీదుదారు మన యార్డులో లేడు. పై బస్తా, నడుమ బస్తా, అడుగు బస్తా, మూల బస్తా, ఇలా పదిచోట్ల గొట్టం గుచ్చి గింజ తీస్తారు. గోదాములో ముక్కపురుగు కూడా గోడ మూలల్లో, తేమ తగిలిన అడుగు వరుసల్లో గుంపు కడుతుందని మనకు అనుభవం మీద తెలుసు. ఇంత జాగ్రత్త తెలిసినవారే చేను దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్కన ఉన్న ఒక్క మడి చూసి మండలం మొత్తానికి పంట అంచనా వేస్తున్నారు.

కామర్సు చదివినవారికి సగటు, విచలనం అనే పాఠం గుర్తుండే ఉంటుంది. ఒక ఉదాహరణ చూడండి. రెండు మళ్లలో పదేసి వరి దుబ్బులు పరిశీలించామనుకుందాం. మొదటి మడిలో దుబ్బుకు 9, 11, 10, 10, 12, 8, 10, 11, 9, 10 దోమలున్నాయి. రెండవ మడిలో 0, 0, 1, 0, 2, 0, 55, 38, 4, 0 ఉన్నాయి. రెండింటిలోనూ మొత్తం 100, సగటు 10. కాగితం మీద రెండూ ఒకటే. కాని మొదటి మడిలో పైరంతా కొద్దికొద్దిగా నీరసిస్తుంది. రెండవ మడిలో ఒకచోట పైరు పూర్తిగా ఎండుతుంది, తక్కినదంతా నిక్షేపంగా ఉంటుంది. పై ఐదు దుబ్బులు మాత్రమే చూసినవారు రెండవ మడిలో దోమే లేదని ప్రమాణం చేస్తారు. ఏడవ దుబ్బు ఒక్కటే చూసినవారు పంట పోయిందని ప్రచారం చేస్తారు. ఇద్దరూ కళ్లతో చూసినవారే, ఇద్దరి మాటా తప్పే.

ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రానికి చెందిన ఎల్.ఆర్. టేలర్ 1961లో దీనికొక సూత్రం చూపించాడు. పురుగుల సగటు సంఖ్యకూ, చోటుకూ చోటుకూ మధ్య గల విచలనానికీ ఒక స్థిరమైన సంబంధం ఉన్నదనీ, గుంపు కట్టే జాతులలో సగటు పెరిగినకొద్దీ విచలనం అంతకన్న వేగంగా పెరుగుతుందనీ దాని సారాంశం. వర్తక భాషలో చెప్పాలంటే, పురుగు తక్కువగా ఉన్న ఏడాదికన్న ఎక్కువగా ఉన్న ఏడాదే ఒక్క చేను చూసి చెప్పే మాట ఎక్కువ తప్పుతుంది. అయితే బజారు ఆ మాటకు ఎక్కువ విలువ ఇచ్చేది కూడా సరిగ్గా ఆ ఏడాదే.

పురుగుకో పద్ధతి

ఏ పురుగు ఎలా సర్దుకుంటుందో తెలిస్తే వచ్చిన వార్తను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. మన యార్డుకు వచ్చే నాలుగు పంటలను తీసుకుందాం.

వరిలో దోమపోటును రైతులు సుడిదోమ అంటారు. ఆ పేరులోనే దాని పద్ధతి ఉన్నది. పైరు ఒకేసారి ఎండదు, సుడులు సుడులుగా ఎండుతుంది. రెక్కలు పొడవుగా ఉన్న దోమలు ఎగిరి వచ్చి, దట్టంగా పచ్చగా ఉన్నచోట దిగి గుడ్లు పెడతాయి. వాటి సంతతిలో పొట్టి రెక్కలవి ఎక్కువగా పుడతాయి. అవి ఎగరలేవు గనుక ఆ చుట్టుపక్కలనే పెరిగి పెద్ద గుంపవుతాయి. పైగా అవి దుబ్బు మొదట్లో, నీటికి కొంచెం పైన ఉంటాయి. ఒడ్డు మీద నిలబడినవారికి కనిపించవు. యూరియా అతిగా వేసి, దగ్గర దగ్గరగా నాటిన మడిలో ఇది మరీ ఎక్కువ. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమని శాస్త్రజ్ఞులు చెప్పేది గాలీ వెలుతురూ దుబ్బు మొదటికి సోకాలనే. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15 దోమలుంటే మందు కొట్టాలన్నది వారి లెక్క. ఆ లెక్క మడిలో అక్కడక్కడా తీసిన సగటుకు వర్తిస్తుందే గాని ఒక్క దుబ్బుకు కాదు.

మొక్కజొన్నలో కత్తెర పురుగు 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మన దేశంలో మొదటిసారి బయటపడి, ఆ ఏడే తెలంగాణకు వచ్చింది. దాని గుడ్లు ఒక్కొక్క కుప్పలో వంద, రెండు వందలుంటాయి. పిల్ల పురుగులు మొదట ఒకే చెట్టు చుట్టూ ఉంటాయి, తర్వాత దారం పట్టుకుని గాలికి పక్క చెట్లకు చేరుతాయి. పెద్దవైన తర్వాత ఒకదానినొకటి తింటాయి. చివరకు సుడికి ఒక్కటి మిగులుతుంది. కాబట్టి మొదటి వారంలో గుంపులుగా కనిపించిన పురుగే నాలుగో వారానికి పలచగా, కొంత సమంగా కనిపిస్తుంది. అదే చేనును ఎప్పుడు చూశారన్నదాన్ని బట్టి మాట మారుతుంది. పైగా ఆకు చిరిగి జల్లెడ అయినంత మాత్రాన కంకి పోయినట్లు కాదు. ఆకు చూసి భయపడి వేసిన అంచనా కంకి దగ్గరికి వచ్చేసరికి తగ్గడం కద్దు.

కందిని పట్టే శనగపచ్చ పురుగు గుడ్లను ఒక్కొక్కటిగా మొగ్గల మీద, పూల మీద పెడుతుంది. అందుచేత అది చేనులో చెదిరి ఉంటుంది. దాని విషయంలో కొన్ని చెట్ల లెక్క చాలావరకు చేను సంగతి చెబుతుంది. దీనికి పూర్తిగా విరుద్ధమైనది పొగాకు లద్దె పురుగు. అది గుడ్లను కుప్పగా పెడుతుంది. అక్కడక్కడా ఒక్కొక్క చెట్టు ఆకులు జల్లెడలవుతాయి, పక్క చెట్టు శుభ్రంగా ఉంటుంది.

పత్తిలో రసం పీల్చే తెల్లదోమ, పచ్చదోమ వంటివి పక్క చేల నుంచి, ఒడ్ల మీది కలుపు నుంచి వస్తాయి. తరచు అంచు వరుసలకే ముందు సోకుతాయి. చేను చుట్టూ మూడు నాలుగు వరుసలు జొన్న గాని మొక్కజొన్న గాని వేయమనే సలహా ఇందుకే. అంచున నిలబడి చూస్తే ఇవి ఉన్నవాటికన్న ఎక్కువగా కనిపిస్తాయి. వరి దోమ ఉన్నదానికన్న తక్కువగా కనిపిస్తుంది. రోడ్డు మీది అంచనా రెండు వైపులా తప్పుతుంది.

ఒడ్డు మీది వార్త

ఈ తప్పు ఈ విలేఖరి కూడా చేశాడని ఒప్పుకోవలసి ఉన్నది. కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం మోటారు సైకిలు మీద నాలుగూళ్లు తిరిగి, రోడ్డు పొడవునా పచ్చగా ఉన్న వరి చూసి, పైరు బాగున్నదని రాశాను. మడిలోకి దిగి పది దుబ్బులు విడదీసి చూడలేదు. ఆ వార్త చూసి ఒక పెద్ద వర్తకుడు అక్కడి ధాన్యానికి బయానా ఇచ్చాడు. కోతకు ముందు కొన్ని మళ్ల నడుమ సుడులు తేలాయి. అనుకున్నంత గింజ రాలేదు. ఆయన కోపగించుకోలేదు. ‘‘తమ్మీ, నువ్వు ఒడ్డు మీద నిలబడి రాసినవు, మడిలకు దిగలేదు’’ అని మాత్రం అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉన్నది.

ఇక ఊరి పేరు సంగతి. ‘సిద్దిపేట పక్క పత్తి’ అని వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ఒక్క మాటలో అంటారు. 2016 అక్టోబరులో ఏర్పడిన ఈ జిల్లాలో గజ్వేల్, దుబ్బాక పాత మెదక్ జిల్లావి, హుస్నాబాద్ పాత కరీంనగర్‌ది, చేర్యాల పాత వరంగల్‌ది. 2020లో రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్, 2022లో మల్లన్న సాగర్ ప్రారంభమైన తర్వాత పంటల పటం మరింత మారింది. ఒకే ఊరిలో కాలువ కింద మడి, బోరు కింద మడి, వర్షాధారపు చేను పక్కపక్కనే ఉన్నాయి. నీరు వేరు, నాటిన తేదీ వేరు, వేసిన ఎరువు వేరు. పురుగు కూడా వేరుగానే ఉంటుంది. అటువంటప్పుడు ఊరికంతటికీ ఒకే ముద్ర వేయడం ఏ లెక్కకూ నిలవదు.

పత్తి ధరనే తీసుకుందాం. 2025–26 సీజనుకు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, ఆ పైన శాతానికింత కోత, 12 శాతం దాటితే సిసిఐ కొనదు. ఇది ఎవరి బండికి వారికి మీటరు పెట్టి చూసే లెక్క. ఎవరి ఊరు ఏదని అడగరు. ప్రైవేటు బేరంలో తేమకు మీటరున్నది, పురుగుకు మాత్రం పుకారే మీటరయింది. పురుగు కుట్టిన కాయ నుంచి వచ్చిన దూది రంగు మారుతుంది, పింజ బలం తగ్గుతుంది, గింజలో నూనె తగ్గుతుంది. ఇవన్నీ కుప్ప విప్పితే కంటికి కనిపించేవే. కుప్పను బట్టి తగ్గించండి, ఎవరూ కాదనరు. పక్క చేనులో పురుగున్నదని ఈ చేను దూదికి తగ్గించడం మాత్రం వ్యాపారం కాదు.

గులాబీ పురుగు: దారి మన గేటు నుంచే

ఇంతవరకు పురుగు చేనులో ఎక్కడ గుంపు కడుతుందో చూశాం. పత్తిని తినే గులాబీ రంగు పురుగు విషయంలో గుంపు కట్టే చోట్లలో ఒకటి మన జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల అన్నది మిల్లుదారులు వినడానికి ఇష్టపడని నిజం.

ఈ పురుగు కాయలోకి దూరి, గింజలోనే నిద్రావస్థలో ఉండగలదు. రెండు గింజలను కలిపి కట్టుకుని వాటి నడుమ దాక్కుంటుంది. చేను నుంచి మిల్లుకు వచ్చిన పత్తితో అదీ వస్తుంది. గింజ కుప్పలో, ఊడ్చి పారేసిన చెత్తలో ఉండి, తరువాత రెక్కల పురుగై బయటికి వచ్చి, దగ్గరలో పూత మీదున్న చేలకు పోతుంది. పత్తి కట్టెను కుప్పలు వేసి ఏడాదంతా నిలవ ఉంచిన ఊళ్లలోనూ ఇదే పద్ధతి. కనుకనే మిల్లుల ఆవరణలలోను, మార్కెట్ యార్డులలోను లింగాకర్షక బుట్టలు పెట్టి పురుగులను పట్టమని నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ చెబుతూ వస్తున్నది.

ఈ పురుగు చరిత్రంతా వర్తకపు దారుల చరిత్రే. మన దేశంలోని భరూచ్ నుంచి పంపిన నమూనాలను చూసి 1843లో సాండర్స్ అనే ఆంగ్లేయుడు దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఇరవయ్యవ శతాబ్ది మొదట్లో మన పత్తితో పాటు ఈజిప్టుకు పోయింది. ఈజిప్టు విత్తనంతో 1911లో మెక్సికోకు, అక్కడి నుంచి 1917లో అమెరికాలోని టెక్సాస్‌కు చేరింది. రెక్కలతో ఎగిరి సముద్రం దాటలేదు. గింజల సంచులలో ప్రయాణం చేసింది. అమెరికా తన పత్తి పొలాలలో ఈ పురుగు నిర్మూలన అయినదని 2018లో ప్రకటించగలిగింది. బీటీ విత్తనం, సంతానం కలగని మగ పురుగుల విడుదల, పంట ముగిసిన తర్వాత మోళ్లు తీసివేయడం, వీటితో పాటు ఏ చేలలో ఎన్ని పడుతున్నవో బుట్టలతో వదలకుండా లెక్కబెట్టడం ఆ పనిలో భాగం.

మన దగ్గర కథ ఎదురు తిరిగింది. 2002లో బీటీ పత్తి, 2006లో బోల్‌గార్డ్–2 వచ్చాయి. చేను అంచుల్లో బీటీ కాని పత్తి వరుసలు వేయాలన్న నియమాన్ని పాటించినవారు తక్కువ. గుజరాత్‌లో మొదట తట్టుకుని నిలిచిన గులాబీ పురుగు 2017 సీజనులో మహారాష్ట్రను, తెలంగాణను గట్టిగా దెబ్బకొట్టింది. బుట్టకు రాత్రికి 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు రెక్కల పురుగులు పడితే ప్రమాదమని, డిసెంబరు దాటి పంటను సాగదీయవద్దని ఇప్పుడు రైతుకు చెబుతున్నాం. మంచిదే. రైతు కట్టె దున్ని, పంట ముగించి, పక్కనే ఉన్న మిల్లు ఆవరణలో గింజ కుప్ప వేసవి దాకా ఉంటే ఏం లాభం? ఆ మిల్లు చుట్టుపక్కల రైతులే మరుసటి ఏడాది రంగు మారిన పత్తి తెచ్చి అదే మిల్లు గేటు ముందు నిలబడతారు. వారికే ధర తగ్గిస్తాం. ఇది న్యాయం కాదు. మిల్లుకు లాభమూ కాదు. తన వాకిట ఉన్న సరుకును తానే చెడగొట్టుకుని దూరపు సరుకుకు కిరాయి పెట్టుకోవడమే అవుతుంది.

చేయదగిన పనులు

మొదటిది: యార్డులో ధరల బోర్డు పక్కన పురుగు లెక్కల బోర్డు ఒకటి ఉండాలి. రాష్ట్రంలో సుమారు ఐదు వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి చొప్పున క్లస్టర్లున్నాయి, వాటికి రైతు వేదికలున్నాయి. వారానికొకసారి క్లస్టరులో పది చేలు, చేనుకు ఇరవై చెట్లు చూస్తే చాలు. చేను అంచు వరుసలు వదిలి, ఇంగ్లీషు ‘డబ్ల్యూ’ అక్షరం ఆకారంలో నడుస్తూ ఐదుచోట్ల ఆగి నాలుగేసి చెట్లు చూడాలి. చేలను చిట్టీలు వేసి ఎంచాలి గాని దారి పక్కవి ఎంచరాదు. తోర్నాలలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం మన పక్కనే ఉన్నది; పద్ధతి నేర్పడానికి దూరం పోనక్కరలేదు.

బోర్డు మీద సగటు ఒక్కటే రాస్తే ప్రయోజనం లేదు. పై ఉదాహరణలోని రెండు మళ్ల సంగతి గుర్తుంచుకోవాలి. చూసిన చేలు ఎన్ని, పురుగు లేని చేలు ఎన్ని, సగటు ఎంత, అన్నిటికన్న ఎక్కువ పడ్డ చేనులో ఎంత, ఈ నాలుగు అంకెలు ఉండాలి. ‘పదిలో ఏడు చేలలో లేదు, ఒకదానిలో విపరీతం’ అన్న మాటకు, ‘పదిలో తొమ్మిదింటిలో కొంచెం కొంచెం’ అన్న మాటకు బజారులో రెండు వేరు వేరు ధరలుండాలి.

ఇది జరగని పని కాదు. 2008లో సోయాబీన్ పంటకు లద్దె పురుగు పెద్ద దెబ్బ కొట్టిన తర్వాత మహారాష్ట్ర 2009లో పంటల పురుగుల నిఘా పథకం ప్రారంభించింది. అందులో కొన్ని చేలను సీజనంతా చూస్తారు, కొన్నిటిని ఎప్పటికప్పుడు కొత్తగా ఎంచుతారు. కేంద్రం కూడా 2024 ఆగస్టులో జాతీయ పురుగుల నిఘా వ్యవస్థను ప్రారంభించింది. రైతు ఫోనులో పంపిన బొమ్మ చూసి పురుగును గుర్తించడం దానిలోని సౌకర్యం. అయితే ఒక హెచ్చరిక. పురుగు కనిపించినవారే బొమ్మ పంపుతారు, లేనివారు పంపరు. అటువంటి లెక్క ఏ పురుగో చెప్పగలదు గాని జిల్లాలో ఎంత మేర ఉన్నదో ఒంటరిగా చెప్పలేదు. చిట్టీలు వేసి ఎంచిన చేల లెక్క దానికి తోడు కావాలి.

రెండవది: మిల్లుదారులు సీజను ముగిసేలోగా గింజను ఆడించడమో అమ్మివేయడమో చేయాలి. చెత్తను ఆవరణలో కుప్పపెట్టరాదు. గేటు లోపల లింగాకర్షక బుట్టలు పెట్టి, పడ్డ పురుగుల సంఖ్యను అదే బోర్డు మీద రాయాలి. దీనికయ్యే ఖర్చు ఒక లారీ కిరాయిని మించదు.

మూడవది: బేరంలో ఊరి పేరు తీసివేసి కుప్పను బట్టి కొనాలి. మొదటి తీత, రెండవ తీత, మూడవ తీత వేరు వేరుగా తెచ్చిన రైతుకు వేరు వేరు ధర పెట్టాలి. గులాబీ పురుగు దెబ్బ ఎక్కువగా కనిపించేది చివరి తీతలలోనే. అన్నీ కలిపి ఒకే ధర అంటే రైతు కూడా అన్నీ కలిపే తెస్తాడు.

‘‘సమాచారం అందరికీ తెలిస్తే వ్యాపారంలో లాభమేమున్నది?’’ అని ఒక అడ్తిదారు ఈ విలేఖరిని అడిగారు. ప్రశ్న సమంజసమే. వార్త ముందుగా తెలిసినవారు రెండు రూకలు సంపాదించుకోవడం గంజిలో ఎప్పుడూ ఉన్నదే. అయితే ఇప్పుడు ముందుగా తెలుస్తున్నది వార్త కాదు, పుకారు. దాని మీద ఒకసారి గెలిచినవారు రెండుసార్లు పోగొట్టుకుంటున్నారు. ఎవరి దగ్గర నిజమైన లెక్క ఉన్నదో వారిదే పైచేయి. ఆ లెక్క బోర్డు మీద ఉంటే, దానిని చదివి సరుకు ఎప్పుడు, ఎక్కడ నుంచి వస్తుందో ఊహించగల నేర్పు ఇంకా వర్తకుడిదే. ఆ నేర్పును ఎవరూ తీసివేయలేరు.

వచ్చే సీజనులో ‘పురుగు పడ్డదట’ అన్న మాట చెవిన పడగానే బేరం మార్చుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని చేలు చూశారు? చేను మధ్యకు పోయి చూశారా? పురుగు లేని చేలు ఎన్ని? మూడింటికీ జవాబు లేకపోతే ఆ మాటకు విలువ కట్టవద్దు. యార్డులో కుప్ప పోసి ఉంటుంది. విప్పి చూసి ధర పెట్టండి.